ప్రవరుని పాదలేపనము - మన హిమయాత్ర



మన సత్సంగ సభ్యులు కొందరు రానున్న పుష్యమాసములో హిమాలయములలోని తుంగనాథ క్షేత్రమునకు మంచులో నడచి వెళ్ళుటకు సంకల్పించినారు. వారిలో చాలమంది ఇంతవరకు మంచును కంటితో చూచినవారు కారు. బయలుదేరుటకు ముందు నాలుగు మాటలు చెప్పవలసినదని మమ్ము కోరినారు. మేము పండితులము కాము, పర్వతారోహకులము అంతకన్న కాము. ఒకప్పుడు అదే దారిని తగిన సిద్ధపాటు లేక వెళ్ళి, నడుమనే వెనుదిరిగి వచ్చినవారము. ఆ అర్హత ఒక్కటే మాకున్నది.

మొదట క్షేత్రమును గూర్చి. కురుక్షేత్ర సంగ్రామము ముగిసిన పిమ్మట పాండవులు పాపపరిహారమునకై శివుని వెదకుచు హిమగిరికి వెళ్ళిరనియు, ఆయన వృషభరూపమున భూమిలో దాగెననియు అక్కడి ఐతిహ్యము. మూపురము కేదారమున, బాహువులు తుంగనాథమున, ముఖము రుద్రనాథమున, నాభి మధ్యమహేశ్వరమున, జటలు కల్పేశ్వరమున వెలసినవని చెప్పుదురు. ఇవియే పంచకేదారములు. ఈ ఐదింటిలో తుంగనాథమే మిక్కిలి ఎత్తైనది. సముద్రమట్టమునకు సుమారు 3,680 మీటర్లు. మన తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు. అట్టి కొండలను నాలుగింటిని ఒకదానిపై ఒకటి నిలిపినను తుంగనాథుని గుడి మెట్టు అందదు. చోప్తా అను చోట మోటారు దారి విడిచి సుమారు నాలుగు కిలోమీటర్లు ఎక్కవలెను. గుడికి పైన చంద్రశిల అను శిఖరము కలదు. రావణవధానంతరము శ్రీరామచంద్రుడు అక్కడ తపస్సు చేసెనని స్థానికుల విశ్వాసము.

ఇక ముఖ్యవిషయము. చలికాలమున ఆ గుడి తలుపులు మూసియుండును. స్వామివారి ఉత్సవమూర్తిని ఊరేగింపుగా క్రిందనున్న మక్కుమఠమను గ్రామమునకు తెచ్చి, వేసవి వచ్చువరకు పూజలు అక్కడనే జరుపుదురు. కేదారనాథునికి ఊఖీమఠము చలికాలపు నెలవైనట్లే తుంగనాథునికి మక్కుమఠము. అట్లయిన మూసిన గుడికి పోవుట ఎందుకని మీలో ఒకరు అడిగినారు. తెల్లని హిమమును ధరించిన ఆ గిరినే శివస్వరూపముగా భావించి, మూసిన తలుపు ముందు నిలిచి నమస్కరించి వచ్చుటలో దోషము లేదు. కాని ఇంటివారు లేని ఇంటికి పోవు అతిథి తన అన్నము, తన దుప్పటి తానే తీసికొనిపోవలెను. వేసవిలో దారి పొడవున ఉండు టీ దుకాణములు అప్పుడు ఉండవు. అర్చకులు ఉండరు. పడిన అడుగుజాడను మంచు గంటలో పూడ్చివేయును. ఈ సంగతి మనసున నిలుపుకొని వినవలెను.

సిద్ధపాటు లేక మంచుకొండకు పోయినవారి కథ మన తెలుగువారికి క్రొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలోని ప్రవరుడు ఎవరు? నిత్యాగ్నిహోత్రి, సదాచార సంపన్నుడు, ఇల్లు కదలని గృహస్థు. ఒక సిద్ధుడిచ్చిన లేపనమును పాదములకు పూసికొని క్షణములో హిమాలయమును చేరినాడు. చూడవలసినవన్నియు చూచినాడు. ఎండకు కరగిన మంచునీటిలో పాదలేపనము కాస్తా కరగిపోయినది. తిరిగి పోదమన్న కాలు సాగలేదు. మనము వరూధిని ఘట్టమును తలచుకొని ముచ్చటపడుదుము గాని, ఆ కథ ఆరంభమున ఉన్న హెచ్చరికను గమనింపము. ప్రవరుడు పోవుటకు సాధనము సంపాదించుకొన్నాడే గాని, తిరిగి వచ్చుటకు సాధనము ఉన్నదా లేదా అని విచారింపలేదు. కడకు ఆయనను ఇల్లు చేర్చినది ఎవరు? అగ్నిదేవుడు. మంచులో చిక్కినవానిని వేడిమి మాత్రమే ఇల్లు చేర్చగలదు. ఇది కావ్యమునందే కాదు, కొండమీద కూడ సత్యము.

మా పాదలేపనము ఏదో ఇప్పుడు చెప్పెదము. అది ఒక అద్దె వాహనము. కొన్ని సంవత్సరముల క్రిందట జనవరి మాసమున మేము ఆరుగురము ఉదయమున హరిద్వారమున ఎక్కి, చీకటిపడువేళకు చోప్తా దరిదాపులకు చేరినాము. ఒక్క పగటిలో రెండువేల మీటర్లకు పైగా ఎత్తునకు పోయినాము. మాలో ఒకరు పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు. వారిని మాస్టారు అనియే పిలుచుదుము. చంద్రశిలపై నిలిచి రామనామము జపింపవలెనని వారికి చిరకాల వాంఛ. మరునాడు తెల్లవారుజామున మాస్టారు చన్నీళ్ళ స్నానము చేసినారు. సోమవారమగుటచే ఉపవాసమన్నారు. నూలు పంచె కట్టి, దానిమీద ప్యాంటు తొడిగి, రెండు జతల నూలు మేజోళ్ళతో బిగుతైన అద్దె బూట్లలో పాదములను ఇరికించినారు. మేమెవ్వరమును అడ్డు చెప్పలేదు. భక్తుని ఎట్లు వారింతుమనుకొన్నాము.

రెండు గంటలు నడచిన పిమ్మట మంచు మోకాలివరకు వచ్చినది. మాస్టారు మౌనముగా నడచుచున్నారు. జపము చేసికొనుచున్నారని మేము భావించినాము. దారి చూపుటకు వచ్చిన స్థానిక యువకుడు మాత్రము నిలిచి, వారిని పలుకరించినాడు. వారు చెప్పిన సమాధానమున మాట ముద్దగా వచ్చినది. చేతితొడుగు జారిపోయిన సంగతి వారికి తెలియదు. మంచుమీద కర్రతో ఒక గీత గీచి, దానివెంట నాలుగడుగులు నడువుమని ఆ యువకుడు కోరినాడు. మాస్టారు రెండవ అడుగునకే ప్రక్కకు తూలినారు. రాత్రినుండి తలనొప్పిగా ఉన్నదనియు, చెప్పినచో మేము వెనుకకు తీసికొనిపోవుదుమని దాచినామనియు అప్పుడు ఒప్పుకొన్నారు.

అది ఎత్తువలన కలిగిన జబ్బా, చలి వలన దేహము చల్లబడుటయా అని తర్కించుటకు అది సమయము కాదు. రెండింటికిని చికిత్స యొక్కటే: క్రిందికి దిగుట. తడిసిన బట్టలు మార్చి, ఉన్నివస్త్రములు చుట్టి, థర్మాసులోని తీయని వేడి టీ కొంచెము కొంచెముగా త్రాగించి, ఇరువైపుల పట్టుకొని దింపినాము. దింపుచున్నంతసేపు మాస్టారు కంటతడి పెట్టుచునే ఉన్నారు. తరువాత మూడు దినములు మాతో సరిగా మాటలాడలేదు.

మహాశయులారా! ఆ దినమున మాస్టారు చేసిన తప్పులకన్న మేము చేసిన తప్పులే పెద్దవి. వాటినుండి నేర్చినదే ఇప్పుడు మీకు చెప్పుచున్నాము.

మొదటిది దేహము. కాళిదాసు కుమారసంభవములో పార్వతి హిమవంతమున ఘోరతపస్సు చేయుచుండగా శివుడు బ్రహ్మచారి వేషమున వచ్చును. ఆయన మొదట అడిగినది తత్త్వమును గూర్చి కాదు. సమిధలు, నీళ్ళు దొరకుచున్నవా, నీ శక్తికి తగినంతమేరకే తపస్సు చేయుచున్నావా అని అడుగును. పరమశివుడే అడిగిన ప్రశ్నను మనలను మనము వేసికొనవలెను. రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బు, ఉబ్బసము ఉన్నవారు వైద్యుని సమ్మతి లేక బయలుదేరరాదు. తక్కినవారు కనీసము మూడు నెలలు దేహమును సిద్ధము చేయవలెను. అలిపిరి మెట్లు సుమారు 3,550 కలవు. అంతకన్న మంచి వ్యాయామశాల మనకేల? తిరుపతి దూరమైనవారు తమ ఊరి కొండగుడి మెట్లను, అదియు లేనిచో మేడమెట్లను వీపున సంచితో ఎక్కి దిగవలెను. దిగుటను కూడ అభ్యసింపవలెను. మోకాళ్ళు నొచ్చునది దిగునప్పుడే.

నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న తన 13వ ఏట ఎవరెస్టు శిఖరమును అధిరోహించినది. ఆ వార్త మనమందరము విన్నాము. అంతకుముందు ఆమె భువనగిరి బండలమీద, డార్జిలింగులో, లడఖ్ చలిలో నెలల తరబడి పొందిన శిక్షణను గూర్చి ఎందరము అడిగినాము?

రెండవది ఎత్తు. తుంగనాథము వద్ద గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు మాత్రమే. ఊపిరికి అందు ప్రాణవాయువు ఆ మేరకు తగ్గును. దేహము దానికి అలవాటుపడుటకు రాత్రులు కావలెను. కావున ఈసారి హరిద్వారమునుండి ఒక్క పరుగున పోరాదు. ఊఖీమఠమున ఒక రాత్రి, చోప్తా చేరువలో రెండు రాత్రులు నిలిచి, పిమ్మట ఎక్కుదము. తలనొప్పి, వాంతి వచ్చునట్లుండుట, ఆకలి లేకుండుట, మితిమీరిన అలసట, ఇవి మొదటి గుర్తులు. ఇవి కలిగినవారు ఇంకను పైకి పోరాదు. నడక తూలినను, మాట తడబడినను, కూర్చున్నప్పుడును ఆయాసము తగ్గకున్నను, తెల్లవారువరకు వేచియుండక వెంటనే దింపవలెను. మాత్రలు వైద్యుని అడిగియే వాడవలెను. మాత్ర వేసికొన్నామని గుర్తులను లెక్కచేయకుండుట ప్రమాదము.

మూడవది వస్త్రధారణ. వేయి మీటర్లు ఎక్కినకొలది ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గును. గాలి వీచినచో చలి ఇనుమడించును. మనకు నూలుబట్ట పవిత్రము, సుఖము. మంచులో మాత్రము అది శత్రువు. చెమటను పీల్చి, తడిగా ఒంటిని అంటుకొని, వేడిమిని హరించును. ఒంటికి తగులు పొర ఉన్నిది గాని, త్వరగా ఆరు కృత్రిమపు నూలుది గాని కావలెను. దానిపై వెచ్చదనమునకు ఒక పొర, అన్నిటికిపైన గాలిని నీటిని ఆపు పొర ఉండవలెను. నడచునప్పుడు చెమట పట్టకముందే ఒక పొర విప్పవలెను. నిలిచినంతనే మరల తొడుగవలెను. తలకు మంకీ క్యాపు, చేతులకు రెండు జతల తొడుగులు, సంచిలో ప్లాస్టిక్ కాగితమున చుట్టిన పొడిబట్టల జత తప్పనిసరి. బూట్లు నీరు చొరనివై, దళసరి ఉన్ని మేజోళ్ళు వేసినను వ్రేళ్ళు కదలునంత వదులుగా ఉండవలెను. బిగుతు బూటులో రక్తము ఆడదు. పాదము త్వరగా మొద్దుబారును. క్రొత్త బూట్లను ఇంటివద్దనే నెల దినములు తొడిగి నడువవలెను.

ఇచ్చట ఆచారమును గూర్చి ఒక మాట. తెల్లవారుజాము చన్నీటి స్నానము, తడిబట్ట, ఉపవాసము, వట్టికాళ్ళ నడక, ఇవన్నియు మన క్షేత్రములలో పుణ్యప్రదములే. ఆ కొండమీద మాత్రము ఇవి ప్రాణాంతకములు. వ్యాధిగ్రస్తులకు, ప్రయాణికులకు పెద్దలు ఆచారములలో సడలింపు ఇచ్చియున్నారు. మానసస్నానము చేసి, కడుపునిండ తిని బయలుదేరవలెను. ఖర్జూరము, వేరుశెనగ ఉండలు, బెల్లము, ఎండుద్రాక్ష జేబులోనే ఉండవలెను. దప్పిక తెలియకున్నను గోరువెచ్చని నీరు తరచుగా త్రాగవలెను. సారాయి వేడి పుట్టించునని చెప్పువారి మాట నమ్మరాదు. అది దేహములోని వేడిమిని ఇంకను పోగొట్టును.

నాలుగవది మంచు నడక. మెత్తని మంచు వేరు, గడ్డకట్టిన మంచు వేరు. పగలు కరగినది రాత్రి గడ్డకట్టి తెల్లవారునప్పటికి అద్దమువలె జారును. బూట్ల అడుగున తగిలించు గొలుసుముళ్ళు ఉన్నవి. మైక్రోస్పైక్స్ అని అడిగినచో ఇచ్చెదరు. మంచు లోపలికి పోకుండ పిక్కలకు తొడుగు గెయిటర్లు ఉన్నవి. రెండింటిని గదిలోనే తొడిగి విప్పి అలవాటు చేసికొనవలెను. చలికి కొంకరపోయిన వ్రేళ్ళతో క్రొత్తపని నేర్వలేము. అడుగు చిన్నదిగా, నిదానముగా, ముందువాని అడుగుజాడలోనే వేయవలెను. చేత కర్ర ఉండవలెను. గడ్డకట్టిన నిట్రపు వాలు ఎదురైనచో అక్కడ మనకు పని లేదు. మంచుగొడ్డలి పట్టి జారుడును ఆపుకొనుట శిక్షణ పొందినవారి విద్య. క్రొత్తమంచు తనపై పడిన అతినీలలోహిత కిరణములలో నూటికి 80 పాళ్ళవరకు తిరిగి మీదకు కొట్టును. కావున నల్లకళ్ళద్దములు లేక నడచినవారికి సాయంత్రమునకు కన్నులలో ఇసుక పోసినంత బాధ కలుగును. మొద్దుబారి తెల్లబడిన వ్రేళ్ళను మంచుతో రుద్దుట పాత పొరపాటు. రుద్దక, కప్పి, క్రిందికి చేర్చవలెను.

ఐదవది కాలము. చోప్తానుండి ఎంత దూరము పోయినను మధ్యాహ్నము 12 గంటలకు ముఖము క్రిందికి తిప్పవలెను. గుడి నూరడుగుల దూరములో కనబడుచున్నను ఇదే నియమము. టార్చిలైటు ప్రతివారి వద్ద ఉండవలెను. వాతావరణశాఖవారి సూచనలను, హిమపాతములను గూర్చి రక్షణ పరిశోధనా సంస్థవారు ఇచ్చు హెచ్చరికలను బయలుదేరు దినమున కనుగొనవలెను. పెద్దమంచు కురిసిన మరునాడు నడువరాదు. ముప్పదినుండి నలుబదియైదు డిగ్రీల వాలులే తరచుగా విరిగిపడును. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ జిల్లాలో ద్రౌపదీ కా డాండా అను పర్వతముపై నెహ్రూ పర్వతారోహణ సంస్థకు చెందిన శిక్షణార్థులు, శిక్షకులు హిమపాతమున చిక్కి 20 మందికి పైగా మరణించినారు. వారు విద్య తెలిసినవారు. 2024 జూన్ నెలలో కర్ణాటకనుండి సహస్రతాల్ నడకకు వెళ్ళిన 22 మందిలో 9 మంది మంచుగాలిలో చిక్కి అసువులు బాసినారు. అది నడివేసవి. కొండను నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. అది తన ధర్మమున తానుండును. మన జాగ్రత్త మనది.

అన్నిటికన్న ముఖ్యమైనది ఆరవది, సత్యము. మహాభారతము చివర పాండవులు హిమగిరిపై మహాప్రస్థానము సాగించినారు. మొదట ద్రౌపది పడిపోయినది. తరువాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. ధర్మరాజు వెనుకకు చూడక సాగిపోయినాడు. ఎందుచేత? అది తిరిగిరాని ప్రయాణము. రాజ్యమును పరీక్షిత్తునకు అప్పగించి, సర్వమును విడిచి చేసినది. మనది మహాప్రస్థానము కాదు, తీర్థయాత్ర. మనకు ఇంటివద్ద ఎదురుచూచు పిల్లలున్నారు, దీపము పెట్టవలసిన దేవుని గూడు ఉన్నది. మన బృందములో ఒకరు పడినచో తక్కినవారు నిలువవలెను. ఒకరు దిగవలసివచ్చినచో తోడుగా మరి ఇద్దరు దిగవలెను. అందరిలో నెమ్మదిగా నడచువాని నడకే అందరి నడక కావలెను.

ఇట్లు జరుగవలెనన్నచో తలనొప్పిని దాచరాదు. దాచినవాడు తనకే కాక, తనను మోయవలసిన వారికందరకును అపకారము చేసినవాడగును. చెప్పినవానిని చులకన చేయుట కూడ దాచుటతో సమానమైన దోషమే. మాస్టారు మా వద్ద దాచినారనిన, చెప్పినను వినువారమని మేము వారికి నమ్మకము కలిగింపలేదని అర్థము. కావున ఈసారి ప్రతి ఉదయము, ప్రతి విరామమున ఒకరినొకరు అడుగుదము: తల ఎట్లున్నది? వ్రేళ్ళు కదలుచున్నవా? ఏమైన తిన్నారా? ఈ మూడు ప్రశ్నలు ఆ దినమునకు మన జపము.

మాస్టారి సంగతి ముగించెదము. నాలుగవ దినమున వారికి పూర్తిగా నెమ్మదించిన పిమ్మట మక్కుమఠమునకు పోయినాము. సన్నని వీథులు, పలకరాళ్ళ కప్పుల ఇండ్లు, ముంగిట ఎండకు కూర్చున్న ముసలివారు. గుడిలో స్వామివారి ఉత్సవమూర్తికి హారతి జరుగుచున్నది. మాస్టారు చాలసేపు కన్నార్పక చూచినారు. తరువాత మావైపు తిరిగి, మూడు దినముల పిమ్మట మొదటిమాటగా ఇట్లన్నారు: "చలికాలమని స్వామివారే దిగివచ్చి ఇక్కడ కూర్చుండగా, నేను ఎవరికొరకు అక్కడికి ఎక్కపోతిని? నన్ను దింపినారని మీమీద కోపగించుకొంటిని. ఆయన నాకన్న ముందే దిగినాడు గదా!"

మరుసటి వేసవిలో గుడి తలుపులు తెరచిన పిమ్మట, దారిలో మూడు రాత్రులు ఆగి, మాస్టారు తుంగనాథుని దర్శించినారు. ఉన్ని మేజోళ్ళతో, కడుపునిండ ఉప్మా తిని వెళ్ళినారు.

మహాశయులారా! గుడి వరకు పోగలిగితిమా, సంతోషము. చంద్రశిల కూడ చూడగలిగితిమా, అది స్వామి అనుగ్రహము. సగము దారినుండి మరలితిమా, మక్కుమఠములో స్వామి మనకొరకు కూర్చుండియే ఉన్నాడు. వచ్చే ఆదివారము ఉదయము ఐదు గంటలకు వీపున సంచులతో మన కొండగుడి మెట్లవద్ద కలిసికొందము. బూట్లు మరువకండి.

శుభం భూయాత్. స్వస్తి.